అమరము చదివినవారికి ఆంగ్లపదములు

మందుసీసామీద ఇంగ్లీషు, కరెంటుబిల్లుమీద ఇంగ్లీషు, బ్యాంకువారు సంతకముకొఱకు చూపు పత్రములో ఇంగ్లీషు, వంటయింటి గ్యాసుబండమీద ఇంగ్లీషు. పిల్లవాడు బడినుండి తెచ్చు పుస్తకముల సంగతి చెప్పనే యక్కఱలేదు. ఈ మాటలలో పెక్కింటిని మన గృహిణులు చూచియు చూడనట్లు దాటిపోవుచున్నారు. "వారు వచ్చినపిమ్మట చదివింతము" అని కాగితమును ప్రక్కన పెట్టుట మనకు అలవాటైపోయినది. పిల్లలు చిన్నతరగతులలో నున్నంతకాలము ప్రతిమాటకును అర్థము అమ్మనే యడుగుదురు. పెద్దతరగతికి వచ్చినతోడనే "అమ్మకు తెలియదులే" యని యడుగుట మానుదురు. వారు ఆ మాట చులకనగా ననరు. అయినను నాటినుండి తల్లి బిడ్డ చదువునకు దూరమగును.

మా యింటివారు ఉపాధ్యాయులు. బాలురకు ఇంగ్లీషు బోధించుట వారి వృత్తి. నేను మాత్రము ఇంటియొద్దనే, మా తండ్రిగారి సన్నిధిని, శబ్దమంజరియు అమరమును కావ్యములును చదివికొన్నదానను. మా యింటివారి బల్లమీది నిఘంటువును తెఱచి, అందలి మాటలను నా చదువుతో పోల్చి చూచుట నాకొక వేడుక. ఆ పోలికవలన నాకు స్థిరపడిన యభిప్రాయ మొక్కటి కలదు. భారతభాగవతములు చదివి, అమరము వల్లించిన సోదరీమణులకు ఇంగ్లీషు పదసంపద పరాయిసొమ్ము కాదు. ధాతువు, ఉపసర్గ, ప్రత్యయము, పర్యాయపదము అనునవి యెఱిగినవారు, బడిపిల్లలు బట్టీపట్టు మాటలను విడదీసి యర్థము చేసికొనగలరు. కావలసినది ఆ పరికరమును ఈ పనికి వినియోగించుటయే.

చుట్టఱికము

1786వ సంవత్సరమున కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ సభలో సర్ విలియం జోన్సు ఒక యుపన్యాసము చేసెను. సంస్కృతము, గ్రీకు, లాటిను భాషల ధాతువులయందును వ్యాకరణరూపములయందును గల పోలిక యాదృచ్ఛికము కాజాలదనియు, ఇవి యన్నియు ఒకే మూలభాషనుండి పుట్టియుండుననియు, ఆ మూలభాష నేడు లేకపోవచ్చుననియు ఆయన యభిప్రాయము. ఇంగ్లీషును ఆ కుటుంబములోనిదే. అంతేగాక అది ఫ్రెంచివారి మూలముగా లాటినునుండియు, పండితుల మూలముగా గ్రీకునుండియు వేలకొలది మాటలను తెచ్చుకొనినది. అందువలన మన తత్సమపదములకు ఇంగ్లీషులో చుట్టములు కోకొల్లలు.

మాతృశబ్దమునకు మదర్, భ్రాతృశబ్దమునకు బ్రదర్, నామమునకు నేమ్, క్రొత్త యనునర్థమున నవశబ్దమునకు న్యూ సోదరులు. దంతములను చూచు వైద్యుడు డెంటిస్టు. మాసముల పేళ్లనే చూడుడు. సెప్టెంబరులో సప్త, అక్టోబరులో అష్ట, నవంబరులో నవ, డిసెంబరులో దశ వినబడుచున్నవి. అయిన సెప్టెంబరు తొమ్మిదవ నెల కదా యని యడుగవచ్చును. పూర్వము రోమకులకు సంవత్సరము మార్చితో మొదలయ్యెడిది. అట్లు లెక్కించినచో అది యేడవదియే యగును. ఈ యొక్క సంగతి పిల్లలకు చెప్పినచో నాలుగుమాసముల పేళ్లును వారు మఱి మఱువరు.

ఇచట నొక జాగ్రత్త చెప్పవలెను. ఈ చుట్టఱికము సంస్కృతమునకే గాని అచ్చతెనుగునకు లేదు. తెలుగు, తమిళము, కన్నడములు సంస్కృతమునుండి పుట్టినవి కావనియు, వానిది వేఱొక కుటుంబమనియు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ 1816లో క్యాంబెల్ తెలుగువ్యాకరణమునకు వ్రాసిన పీఠికలో నిరూపించెను. కావున తల్లి, అన్న, నీరు, ఇల్లు అను మాటలకు ఇంగ్లీషులో బంధువులను వెదకరాదు. ధ్వనిపోలిక చూచి మోసపోవుటయు కలదు. చేతిలోని రొక్కమునకు ఇంగ్లీషువారు క్యాష్ అందురు. అది మన కాసునుండి వచ్చినదని తోచును. కాని యది పెట్టె యను నర్థముగల లాటినుమాటనుండి వచ్చినది. పూర్వకాలపు పాశ్చాత్యవర్తకులు దక్షిణదేశపు చిన్ననాణెమును అదే పేర పిలిచిరి. ఆ మాట మాత్రము కాసునుండి పోయినదే. పలుకు ఒక్కటియైనను పుట్టుక వేఱు. చెవిని మాత్రమే నమ్మక నిఘంటువును అడుగవలెను.

ధాతువు ఒక్కటి, ఉపసర్గలు పెక్కు

హృ యను ధాతువొక్కటే ఉపసర్గలు చేరగా ఆహారము, విహారము, సంహారము, పరిహారము, ప్రహారము అని యెన్ని రూపులు దాల్చునో మన మెఱుగుదుము. ఇంగ్లీషులో నచ్చముగ నిదియే విధానము. భారము, భరణము, భర్త అను మాటలలోని భృ ధాతువునకు తోబుట్టువు లాటినులోని ఫెర్. మోయుట యని దాని యర్థము. దానికి ఆవలికి అను నర్థముగల ట్రాన్స్ చేరగా ట్రాన్స్‌ఫర్, అనగా ఒకచోటినుండి మఱొకచోటికి చేర్చుట. ముందు అను నర్థముగల ప్రి చేరగా ప్రిఫర్, అనగా ఒకదానిని తక్కినవానికంటె ముందుంచుట. లోపలికి అను నర్థముగల ఇన్ చేరగా ఇన్ఫర్, అనగా కనబడినదానినుండి కనబడనిదానిని ఊహించి తెచ్చుకొనుట. క్రింద అను నర్థముగల సబ్ చేరి రూపుమాఱి సఫర్ అయినది. బరువును క్రిందనుండి మోయువాడు పడు బాధ అది. మనమును "ఆ కష్టమును భరించితిని" అందుము. భరించువాడు భర్త యని పెద్దలు చెప్పుదురు. సఫర్ అను మాటలోనిదియు ఆ ధాతువే. ఎవరు ఎవరిని భరించుచున్నారో ఇంటింటికిని వేఱు.

ఈ ధాతువు తెలిసినవారికి వొసిఫరస్ అను అరుదైన మాటయు లొంగును. వోక్స్ అనగా వాక్కు. ఆ రెండును ఒక్క మూలమునుండి పుట్టినవే. వాక్కును మోసికొని వచ్చునది, అనగా గొంతెత్తి గట్టిగా అఱచునది యని భావము. కూరగాయలబండివాని కేకకును, వాదములో గెలువనెంచినవాని కేకకును ఈ విశేషణము చక్కగా నొప్పును.

మాటాడుటకు సంబంధించిన మఱొక ధాతువు లాక్వ్. ఎలొక్వెంట్ అనగా వాగ్మి. లొక్వేషస్ అనగా వాచాలుడు. మనకును ఈ రెండుమాటలకు నడుమ నున్న భేద మెంతో, వారికిని అంతే. సొలిలొక్వీ అనగా నాటకములోని స్వగతము. కొలోక్వియల్ అనగా నలుగురును మాటాడుకొను వాడుకభాష. వెంట్రిలొక్విస్టు అనగా పెదవులు కదపక బొమ్మచేత మాటాడించు వినోదకారుడు. కడుపుతో మాటాడువాడని యక్షరార్థము. ఒక్క ధాతువు తెలియుటచే అయిదుమాటలు చేతికి వచ్చినవి.

విరాటపర్వములో అర్జునుడు ఉత్తరునకు తన దశనామములను వివరించుట మనకు తెలిసినదే. అందు సవ్యసాచి యనగా రెండుచేతులను సమముగ గాండీవము నెక్కిడి బాణము వేయగలవాడు. దీనికి ఇంగ్లీషులో ఆంబిడెక్స్‌ట్రస్ అను మాట కలదు. ఆంబి అనగా రెండు, డెక్స్‌టర్ అనగా కుడిచేయి. డెక్స్‌టర్ మన దక్షిణశబ్దమునకు చుట్టము. ఆ మాటనుండియే వారికి డెక్స్‌టరిటీ, అనగా చేతినేర్పు వచ్చినది. రెండుచేతులును కుడిచేతులే యైనవాడని ఆ మాటలోని చమత్కారము.

సామ్నాంబులిస్టు అనగా నిద్రలో లేచి నడచువాడు. సామ్న్ అనునది మన స్వప్నశబ్దమునకు తోబుట్టువు. ఆంబ్యుల్ అనగా నడచుట. ఆంబులెన్సును ఆ నడకనుండి పుట్టినదే. మొదట అది సేనల వెంట నడచు వైద్యశాల పేరు. ఇన్సామ్నియా అనగా నిద్రలేమి. ఇగ్నియస్ అనగా అగ్నినుండి పుట్టినది. హైదరాబాదు చుట్టుపట్ల నున్న నల్లగొండ్లు, గుండ్రాళ్లు ఈ జాతి శిలలే. భూమిలోపలి ద్రవము చల్లాఱి గట్టిపడినవి. భూగోళము చదువు బిడ్డకు "ఇగ్ని యనగా అగ్నియే నాయనా" యని తల్లి చెప్పినచో, ఆ పాఠము సగము వచ్చినట్లే.

ఇంటికి అక్కఱయైన మాటలు

పైవి వేడుకకు చెప్పినవి. ఇక చెప్పబోవునవి అవసరమునకు సంబంధించినవి. ఇంటిలో రోగికి మందిచ్చునది, పత్యము చూచునది, అర్ధరాత్రివేళ మొదట మేల్కొనునది సామాన్యముగా స్త్రీయే. వైద్యుడు వ్రాసిన మాటలో ఒక్క యక్షరము తేడా యెంత పనిచేయునో ఆమె యెఱిగియుండవలెను.

హైపర్, హైపో యని రెండు ఉపసర్గలు గ్రీకునుండి వచ్చినవి. వినుటకు దగ్గఱగా నున్నను అర్థములు పరస్పరవిరుద్ధములు. వీనిని మఱువకుండుటకు మనకొక సులభోపాయము కలదు. హైపర్ మన ఉపరి. హైపో మన ఉప. అనగా మొదటిది పైన, రెండవది క్రింద. ఇది గుఱుతు పెట్టుకొనుటకు కల్పించిన పోలిక కాదు. ఆ మాటలు నిజముగా జ్ఞాతులే. గ్లైక్ అనగా తీపి, ఈమియా అనగా రక్తమునకు సంబంధించిన స్థితి. కావున హైపర్‌గ్లైసీమియా యనగా రక్తములో చక్కెర మితిమీఱుట. హైపోగ్లైసీమియా యనగా చక్కెర పడిపోవుట. మధుమేహమునకు మందు వాడువారికి హఠాత్తుగా చెమటలు పట్టి, చేతులు వణకి, మాట తడబడినచో అది రెండవది కావచ్చును. అప్పుడు తెలివి యున్న రోగికి వెంటనే చక్కెరగాని తీపిపానీయముగాని యీయవలెను. తెలివి తప్పినవారి నోట ఏమియు పోయరాదు. తక్షణము వైద్యసహాయము పొందవలెను. "చక్కెరవ్యాధి గదా, చక్కెర యెట్లిత్తుము" అని జంకినచో ప్రమాదము.

హైపర్‌టెన్షన్ అను మాటను మన యిండ్లలో మిక్కిలి దిగులు అని యర్థము చేసికొనువారు పెక్కండ్రు. టెన్షన్ అనగా వాడుకలో ఆందోళన గదా యని వారి తర్కము. తంతువు, తంత్రి యను మాటలలోని తన్ ధాతువే దీనికిని మూలము. సాగదీయుట, బిగువు అని యర్థము. ఇచట చెప్పబడిన బిగువు మనస్సునది కాదు, రక్తనాళములలోని పోటు. కావున "నాకే దిగులును లేదు, మందెందులకు" అని మాత్రలు మానుట తగదు.

అక్యూట్, క్రానిక్ అను మాటలును ఇట్టివే. అక్యూట్ అనగా సూదివలె తీక్ష్ణముగా, హఠాత్తుగా వచ్చినది. క్రోనోస్ అనగా కాలము. క్రానిక్ అనగా చిరకాలముగా నున్నది. క్రానిక్ అన్నంతమాత్రమున ప్రాణాంతకమని భయపడనక్కఱలేదు. బినైన్, మాలిగ్నెంట్ అనునవి గడ్డలను పరీక్షించినపుడు వ్రాయు మాటలు. బెనె యనగా మంచి, మల్ అనగా చెడు. తక్కిన భాగములో మన జన్ ధాతువునకు సోదరమైన ధాతువు కలదు. బినైన్ అనగా సుజన్మము గలది, సాధువు. మాలిగ్నెంట్ అనగా దుర్జన్మము గలది, క్యాన్సరుజాతిది. అనీమియా యనగా రక్తహీనత. మొదటి అన్ మన వ్యతిరేకార్థకమైన అన్ శబ్దమే. మన స్త్రీలలో విరివిగా కనబడు ఈ వ్యాధి పేరును ప్రతి గృహిణియు ఎఱిగియుండవలెను.

వ్యతిరేకార్థము ప్రస్తావించితిని గనుక ఒక హెచ్చరిక. ఇన్ అని మొదలైన ప్రతిమాటయు నిషేధము కాదు. ఇన్‌ఫ్లేమబుల్ అని డబ్బామీద నుండినచో మండనిదని యర్థము కాదు. త్వరగా అంటుకొని మండునది యని యర్థము. అచటి ఇన్ లోపలికి అను నర్థము గలది. ఫ్లేమబుల్ అన్నను అదియే యర్థము. ఇట్టి డబ్బాను పొయ్యిదగ్గఱ నుంచరాదు. ఇన్వాల్యుబుల్ అనగా విలువలేనిది కాదు, వెలకట్టరానిది. మన అమూల్యమును అట్టిదే గదా.

పత్రముల మాటలు ఇంకొన్ని. మార్ట్‌గేజ్ అనగా తాకట్టు. మార్ట్ అనగా మృతము, గేజ్ అనగా కుదువ. ప్రాణములేని కుదువ యని ఫ్రెంచిలో దాని యక్షరార్థము. మర్త్యులను వారు మార్టల్ అనుటయు, అమరులను ఇమ్మార్టల్ అనుటయు ఆ ధాతువువలననే. లీన్ అనగా కట్టు. అప్పు తీఱువఱకు ఆస్తిమీద ఋణదాతకుండు హక్కు. మన తాకట్టులోను కట్టు ఉన్నది.

ఇక ప్రత్యయములు. మాట చివర ఆర్ ఉన్నచో కర్త, ఈ యున్నచో సామాన్యముగ సంప్రదానము, అనగా ఎవరికి ఇయ్యబడునో వారు. పేయీ యనగా సొమ్ము పుచ్చుకొనువారు. లెస్సీ యనగా కౌలుకు పుచ్చుకొనినవారు. ఈ సూత్రము తెలియక మార్ట్‌గేజీ యనగా అప్పుచేసినవాడని యనుకొనువారు కలరు. ఆస్తిని తాకట్టు పెట్టినవాడు మార్ట్‌గేజర్. ఆ తాకట్టు ఎవరికి ఇయ్యబడినదో ఆ ఋణదాత మార్ట్‌గేజీ. నామినీ అనగా నామముచే నిర్దేశింపబడినవాడు. ఆ సొమ్మును పుచ్చుకొనుటకు అతడు అర్హుడు. అంతమాత్రమున వారసుడని యర్థము కాదు. వారసత్వము వీలునామాచేతను, వారసత్వచట్టముచేతను నిర్ణయింపబడును. సంతకము పెట్టుటకుముందు ఈ నాలుగుమాటలైనను తెలిసికొని యుండుట స్త్రీకి రక్షణ.

మనయింటినుండి వెళ్లినవి

ఇంగ్లీషునకు మనము ఋణపడితిమని మాత్రమే తలపరాదు. వారును మనకు ఋణపడిరి. శర్కర పారసీక, అరబ్బు దేశములమీదుగా పోయి షుగర్ అయినది. ఖండశర్కర క్యాండీ యయినది. అల్లమునకు అమరములో శృంగబేరమని పేరు కలదు. ఆ పేరే గ్రీకు లాటినుల మీదుగా జింజర్ అయినది. ఉపలము ఓపల్ అను రత్నమునకు, వైడూర్యము బెరిల్ అను రత్నమునకు పేళ్లనిచ్చినవి. పూరీజగన్నాథుని మహారథమును చూచిన విదేశీయులు, అడ్డమువచ్చినదానిని నలిపివేయు మహాశక్తికి జగ్గర్నాట్ అని పేరుపెట్టిరి.

అచ్చతెనుగునుండి పోయిన మాటలలో ప్రసిద్ధమైనది బ్యాండికూట్. అది మన పందికొక్కే. గోల్కొండ యను మాట ఇంగ్లీషునిఘంటువులలో తఱుగని సంపదకు, నిధికి పర్యాయముగ నిలిచియున్నది. కృష్ణాతీరపు వజ్రములు గోల్కొండ బజారులో అమ్ముడుపోయిన కీర్తికి అది గుఱుతు. 17వ శతాబ్దిలో మచిలీపట్టణపు రేవునుండి డచ్చివారు, ఇంగ్లీషువారు ఓడలలో గొనిపోయిన అద్దకపుబట్టలను చింట్జ్ అనిరి. చిత్రవర్ణములను, చుక్కలను తెలుపు ఉత్తరదేశపుమాటనుండి ఆ పేరు వచ్చినది. తమిళులు మిళగుతణ్ణీర్ అను మిరియపునీరు, అనగా మన చారువంటిది, దొరలబల్లమీద మలిగటానీ యయినది. కట్టుమరము కటమరాన్ అయినది. ఇట్టి మాటలన్నింటిని చేర్చి హెన్రీ యూల్, ఏ. సి. బర్నెల్ అనువారు 1886లో హాబ్సన్-జాబ్సన్ అను కోశమును ప్రకటించిరి.

అరుదైన మాటలలో నాకు మిక్కిలి ప్రియమైనది సెరెండిపిటీ. ఒకటి వెదకుచుండగా మఱొక మంచివస్తువు అనుకోక దొరకుటకు ఆ పేరు. హొరేస్ వాల్పోల్ అను ఇంగ్లీషురచయిత 1754లో ఒక లేఖలో దీనిని సృష్టించెను. సెరెండిప్ దేశపు ముగ్గురు రాజకుమారులు వెదకనివానిని కనుగొనుచు పోవు పారసీకకథ దీనికి మూలము. సెరెండిప్ అనగా సింహళద్వీపము. పోపులడబ్బా వెదకబోయి, ఎన్నడో దాచి మఱచిన రూపాయలను కనుగొనిన గృహిణికి ఈ మాట వివరింప నక్కఱలేదు.

పర్యాయపదముల తూనిక

మాటలు తెలియుట ఒక యెత్తు. దగ్గఱదగ్గఱ అర్థములుగల మాటలలో తగినదానిని ఏఱుకొనుట మఱొక యెత్తు. డబ్బు వాడుక విషయమునే చూడుడు. థ్రిఫ్టీ యనగా పొదుపరి. ఫ్రూగల్ అనగా కొంచెముతో తృప్తిపడువాడు, మితవ్యయుడు. ఈ రెండును మెచ్చుకోలుమాటలు. పార్సిమోనియస్ అనగా పిసినిగొట్టు, ఇది నింద. ప్రాడిగల్ అనగా దుబారామనిషి. ఇల్లు విడచి పోయి తిరిగివచ్చినవాడని పెక్కండ్రు పొరబడుదురు. బంధువు నొకనిని ఫ్రూగల్ అనుటకు మాఱుగా పార్సిమోనియస్ అని వ్రాసినచో మెప్పు తిట్టుగా మాఱును.

ఇట్టి యేఱుకోలునకు ఇంగ్లీషులో థిసారస్ అను గ్రంథము కలదు. పీటర్ మార్క్ రోజెట్ అను వైద్యుడు 1852లో దానిని ప్రకటించెను. అందు మాటలు అక్షరక్రమమున గాక భావముల వర్గములనుబట్టి కూర్పబడినవి. స్వర్గవర్గము, కాలవర్గము, వనౌషధివర్గము చదివిన మనకు ఈ పద్ధతి క్రొత్త కాదు. రోజెట్‌గారే తన పీఠికలో, ఇట్టి ప్రయత్నములలో తనకు తెలిసినంతలో అతిప్రాచీనము అమరకోశమని పేర్కొని, 1808లో సీరాంపూరులో అచ్చయిన కోల్‌బ్రుక్ అనువాదమును చెప్పెను. పూర్వము మన బాలబాలికలు వీధియరుగుమీద వల్లించిన గ్రంథము ఆంగ్లపండితుని పీఠికలో నిలుచుట గర్వకారణమే గదా!

ఇంగ్లీషు మహానిఘంటువు కథలోను స్త్రీల కొక స్థానము కలదు. ఆక్స్‌ఫర్డు నిఘంటువునకు 1857లో సంకల్పము కలిగినది. 1879లో జేమ్స్ మరే సంపాదకుడయ్యెను. 1884లో మొదటిభాగము వెలువడినది. 1928లో గాని పూర్తి కాలేదు. పుస్తకములు చదివి, మాటల ప్రయోగములను చీటీలమీద వ్రాసి పంపినవారిలో ఈడిత్ థామ్సన్, ఆమె సోదరి ఎలిజబెత్ ఉండిరి. వారు ఇంటియొద్ద కూర్చుండి పంపిన చీటీలు వేలకొలది. మరేగారి పిల్లలు చీటీలను అక్షరక్రమమున పేర్చెడివారు. అంతటి గ్రంథమును ఇంటిపనుల నడుమ చదివినవారి చేతులును కట్టినవి.

సాధనము

ఇక ఆచరణ. ఒక చిన్న నోటుపుస్తకము చాలును. దినమున కొక్కమాట, వారమున కొక్క ధాతువు. పుటకు ఎడమవైపున మాట, దాని క్రింద ధాతువును ఉపసర్గయు, కుడివైపున మన చుట్టపుమాట యున్నచో అది, అడుగున మీ యింటికి సంబంధించిన వాక్య మొకటి. ప్రొక్రాస్టినేట్ అను మాట వచ్చినదనుకొనుడు. క్రాస్ అనగా రేపు. పనిని రేపటికి నెట్టుట యని యర్థము. దాని క్రింద ఏ సుగుణరాశినో చేర్చి వాక్యము వ్రాసినచో అది జన్మములో మఱపురాదు. క్రొత్తమాటలను కథలపుస్తకమునుండి గాక, మొదట ఇంటిలోని సీసాలు, బిల్లులు, పత్రములనుండియే యేఱుకొనుడు. వానికి అర్థము తెలిసిననాడు ఫలము చేతికందును.

ఉచ్చారణను నిఘంటువు చూచి నేర్చుకొనవలెను, వ్రాతను నమ్మరాదు. అప్పు అనుటకు డెట్ అందురు గాని వ్రాతలో నడుమ బి కలదు. పూర్వము అది లేదు. లాటినులో కలదని పండితులు దానిని తరువాత చేర్చిరి. రిసీటులోని పి యును ఇట్టిదే. మాటలో ఏ యక్షరమును ఊదిపలుకవలెనో చూచుకొనవలెను. ఫోటోగ్రాఫులో ఊనిక మొదటిదానిపై, ఫొటోగ్రఫీలో రెండవదానిపై, ఫోటోగ్రాఫిక్‌లో మూడవదానిపై నుండును. మన భాషలో ఈ యూనిక లేదు గనుక చెవికి నేర్పవలసినదే.

అర్థములు కాలమునుబట్టి మాఱుననియు గుఱుతుంచుకొనుడు. పూర్వకావ్యములలో కంపు అనగా పరిమళము, నేడు దుర్గంధము. ఇంగ్లీషులో నైస్ దీనికి విపర్యయము. అది మొదట తెలివిలేనివాడు అను నర్థమున నుండి నేడు చక్కనిది అయినది. కావున ధాతువు దారి చూపును గాని, కడపటి తీర్పు నేటి వాడుకదే.

తుదకొక మాట. అరుదైన పదములు నేర్చుట ఎదుటివారిని బెదరించుటకు కాదు. అట్టివారి మాటలకు ఇంగ్లీషులోనే సెస్క్విపిడేలియన్ అను పరిహాసనామము కలదు. ఒకటిన్నర యడుగుల పొడవుగల మాట యని యర్థము. అందలి పెడ్ మన పాదమే. ఇరుగుపొరుగు సోదరితో మాటాడునపుడు మన తెలుగే చాలును. ఆ పొడుగుమాటలు ఏ కాగితముమీదనైన మన యెదుట నిలిచినపుడు వెఱవక వానిని విడదీసి, "నీ వెవరవు, నీ తల్లిదండ్రు లెవరు" అని యడుగగల నేర్పే మనకు కావలసినది.

రేపు ఉదయము వంటయింటిలో ఏ సీసామీదనైన ఒక పొడుగుమాట కనబడినచో, దానిని చీటీమీద వ్రాసికొని పిల్లవానితో కూర్చుండి నిఘంటువు తెఱవుడు. అతడు అక్షరములను చదువును, మీరు ధాతువును చెప్పుడు. మీ యమరమును వాని యింగ్లీషును ఒక్క పుటమీద కలిసికొనును. తరువాతిమాటకు వాడే మిమ్ము వెదకికొని వచ్చును.